మాయాశశిరేఖ గొంతు: ‘మాయాబజార్’ చిత్రంలో పాత్ర, పాట, గాయకుడు

వ్యాససంగ్రహం: విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ (1957) పాటలను పింగళి నాగేంద్రరావు సాహిత్యంగా, ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావుల సంగీతంగా పరిశీలించిన రచనలు చాలా ఉన్నాయి. ఆ పాటలు ఏ పాత్ర నోట, ఎవరి గొంతుతో వినిపించాయన్న ప్రశ్నకు వాటిలో దక్కిన చోటు తక్కువ. శశిరేఖ కథ నాటకరంగం నుంచి వెండితెరకు చేరిన క్రమాన్ని అనుసరించి, గొంతుల పంపకం పాత్రనిర్మాణంలో ఎలా భాగమైందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: మాయాబజార్, పాతాళభైరవి, పింగళి నాగేంద్రరావు, నేపథ్యగానం, సురభి, శశిరేఖాపరిణయం.

ఉపోద్ఘాతం

సినిమా పాటను సాహిత్యంగా చదివే అలవాటు తెలుగు పరిశోధనలో బలపడి చాలా కాలమైంది. పాటను కాగితం మీదికి దించి, అలంకారాలు గుర్తించి, ఛందస్సు పరిశీలించి, కవి భావుకతను నిరూపించడం ఆ పద్ధతి. పింగళి వంటి కవి విషయంలో అది మంచి ఫలితాలనే ఇచ్చింది. అయితే పింగళి మొదట నాటకకర్త. బందరులో ఇండియన్ డ్రమటిక్ కంపెనీతో పనిచేసి, ‘వింధ్యరాణి’ వంటి నాటకాలు రాసిన తరువాతే ఆయన సినిమాలో స్థిరపడ్డారు. నాటకకర్త రాసిన పాటకు కవి ఒక్కడే యజమాని కాడు. దాన్ని పాడే పాత్ర ఉంటుంది, ఆ పాత్ర ఎదుట మరొక పాత్ర ఉంటుంది, ఆ సమయంలో ఒకరికి తెలిసి మరొకరికి తెలియని సంగతి ఒకటి ఉంటుంది. ‘మాయాబజార్’ కథంతా అలా ఒకరికి తెలిసి మరొకరికి తెలియని సంగతుల మీదనే నడుస్తుంది. అచ్చులో చదివే పాఠకునికి ఇందులో సగం అందదు.

శశిరేఖ గొంతు: 1957కు పూర్వం

వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యునికి అక్కడ భార్య ఉత్తర. బలరాముని కూతురిని అభిమన్యుడు పెళ్లాడిన కథ జనవ్యవహారంలో పెరిగినది. మరాఠీలోను తమిళంలోను ఆ పిల్ల పేరు వత్సల, తెలుగులో శశిరేఖ. మూలగ్రంథపు కట్టుబాటు లేని ఈ కథలో హాస్యానికి, మాయకు, పాటకు చోటు ఎక్కువ. తెలుగునాట సురభి నాటక సమాజాలు దీన్ని తమ ప్రదర్శనల్లో ముఖ్యమైనదిగా నిలుపుకున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాల నాటకానికి రంగస్థల మాయలే పెద్ద ఆకర్షణ.

ఇక్కడ ఒక రంగస్థల చరిత్రాంశాన్ని గుర్తుచేసుకోవాలి. సురభి కుటుంబాల్లో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించారు. ఆ కాలపు తక్కిన తెలుగు రంగస్థలం మీద మాత్రం చాలాచోట్ల స్త్రీపాత్ర పురుషునిదే. సత్యభామగా ప్రఖ్యాతి పొందిన స్థానం నరసింహారావును చూసిన ప్రేక్షకులకు చీర లోపల పురుషుడున్నాడన్న సంగతి ముందే తెలుసు. తెలిసీ మరచిపోవడంలోనే వారి ఆనందం ఉండేది. పాత్ర, శరీరం, గొంతు వేరువేరు జాతులకు చెందవచ్చునన్న ఎరుక తెలుగు ప్రేక్షకునికి సినిమా నేర్పినది కాదు.

1936లో పి.వి. దాసు దర్శకత్వంలో శశిరేఖ కథ తెలుగు టాకీగా వచ్చింది. శశిరేఖ పాత్రతో శాంతకుమారి చిత్రరంగంలో అడుగుపెట్టారు. ఆమెను ఆ పాత్రకు అర్హురాలిని చేసినది సంగీతవిద్య. అప్పటి టాకీలో నాయికకు నటన కొంత తక్కువైనా గడిచేది గాని పాట తక్కువైతే గడిచేది కాదు. నాగయ్య, కన్నాంబ, భానుమతి వంటివారు తమ పాటలు తామే పాడుకున్న కాలం అది. 1936 నాటి శశిరేఖకు ఒకే శరీరం, ఒకే గొంతు. 1957 నాటి శశిరేఖ అలా కాదు. ఈ 21 ఏళ్ల వ్యవధిలో నేపథ్యగానం ఆనవాయితీగా స్థిరపడింది. నటికి పాట రావలసిన అవసరం పోయింది, గాయనికి రూపం చూపవలసిన అవసరమూ పోయింది.

‘పాతాళభైరవి’: పాడని మాంత్రికుడు

‘మాయాబజార్’ను చేరేముందు అదే సంస్థ, అదే దర్శకుడు కె.వి. రెడ్డి, అదే రచయిత పింగళి కలిసి చేసిన ‘పాతాళభైరవి’ (1951) వద్ద కొంచెం ఆగాలి. ఆ చిత్రంలో పాటల పంపకం సులభమైనది. తోటరాముడు ఘంటసాల గొంతుతోను, రాకుమారి ఇందుమతి పి. లీల గొంతుతోను పాడతారు. ఇద్దరూ ప్రేమికులు కనుక పాడతారు. కథను నడిపించే నేపాళ మాంత్రికునికి మాత్రం పాట లేదు. ఎస్.వి. రంగారావు ఆ పాత్రను మాటతోనే, ఆ మాటను సాగదీసి విరిచే తీరుతోనే నిలబెట్టారు. మాంత్రికుని శక్తి వాక్కులో ఉంది, నాయకుని శక్తి గానంలో ఉంది. జానపద కథల్లో మంత్రానికీ పాటకూ ఉన్న పాత వైరం ఇక్కడ కొత్త రూపంలో కనిపిస్తుంది.

ఇంకొక విశేషం రాజుగారి బావమరిది సూరసేనునిది. ఆ పాత్ర ధరించిన రేలంగి తన ప్రేమగీతాన్ని తానే పాడారు. నాయకునికి అరువు గొంతు, విదూషకునికి సొంత గొంతు! హాస్యపాత్రకు శ్రుతి తప్పే స్వేచ్ఛ ఉన్నందువల్ల ఇది సాధ్యమైంది. సొంత గొంతులోని కరుకుదనం నాయకునికి లోపం, సూరసేనునికి అలంకారం. నేపథ్యగానం పాత్రలన్నిటినీ ఒకేలా తాకలేదనడానికి ఇది చాలిన నిదర్శనం.

పాతాళభైరవి నాటి ఈ విభజన ఆరేళ్లకే తలకిందులైంది. 1957లో అదే రంగారావు మాయలన్నిటికీ మూలమైన ఘటోత్కచునిగా వచ్చి, ఆ చిత్రంలో అందరికన్నా ఎక్కువగా గుర్తుండిపోయే పాట పాడతాడు.

పడవపాట: మూడు జంటలు, రెండు గొంతులు

‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరసలు కట్టి తప్పుకోగా, తక్కిన సంగీతాన్ని ఘంటసాల పూర్తిచేశారని ప్రసిద్ధి. మోహన రాగంలోని పడవపాట ఆ మొదటి నాలుగింటిలోనిది.

వెన్నెల రాత్రి, ఏరు, నావ. మొదట అభిమన్యుడు, శశిరేఖ. తరువాత కృష్ణుడు, రుక్మిణి. ఆ తరువాత బలరాముడు, రేవతి. తెరమీద అక్కినేని, సావిత్రి, ఎన్.టి. రామారావు, సంధ్య; గుమ్మడి, ఛాయాదేవి. వినిపించే గొంతులు మాత్రం రెండే: ఘంటసాల, లీల. గడ్డం కూడా సరిగా రాని కుర్రవానికీ, సకలం తెలిసిన మేనమామకూ, కోపం ముక్కుమీదనుండే పెదమామకూ ఒకే గొంతు.

దీన్ని నిర్మాణ సౌలభ్యంగా తోసిపుచ్చవచ్చు. కాని సన్నివేశం చెబుతున్నది వేరు. పిల్లలు దొరికిపోకుండా కాచుకోవడం కృష్ణుని పని. పెద్దవాడు వచ్చే సమయానికి పడవలో ఉండవలసినవారు మారిపోవాలి, పాట ఆగకూడదు. పాట ఆగితే ఎవరో ఉన్నారని తెలిసిపోతుంది; గొంతు మారితే ఎవరో మారారని తెలిసిపోతుంది. ఒకే గొంతు సాగడం వల్లనే మనుషులు మారినా రాత్రి మారదు. చివరకు బలరాముడు కూడా అదే పాటలోకి ఎక్కుతాడు. కూతురి ప్రేమకు అడ్డుపడబోయే తండ్రి, తెలియకుండానే ఆ ప్రేమపాటను పూర్తిచేస్తాడు. వయసు, హోదా, స్వభావం అన్నీ వేరైన ముగ్గురు పురుషులను ఒక్క గొంతు సమానం చేసింది. మూడు జంటలకు మూడేసి గొంతులు పెట్టి ఉంటే ఇది అందమైన పాటగానే మిగిలేది, ఈ హాస్యం మాత్రం పుట్టేది కాదు. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలోని వెన్నెలను పొగిడేవారు ఎందరో ఉన్నారు. ఆ వెన్నెలలో ఎవరు ఎవరో పోల్చుకోలేనంతగా గొంతులు కలిసిపోవడాన్ని కూడా దానితో కలిపి చూడవలసి ఉంది.

అసలు శశిరేఖ, మాయాశశిరేఖ

శశిరేఖ, అభిమన్యుల మధ్య నాలుగు యుగళగీతాలున్నాయి. ప్రియదర్శిని పేటికలో ఒకరినొకరు చూసుకునే పాట, కలుసుకున్నప్పటి పాట, పడవపాట, దూరమైనప్పటి విరహగీతం. నాలుగింటిలోను సావిత్రికి గొంతు లీలది. ఘటోత్కచుడు శశిరేఖను తరలించి, ఆమె రూపంతో ఆమె ఇంట ప్రవేశించిన తరువాత తన పెళ్లిని తానే ఆశ్చర్యంగా తలచుకుని ఆడే పాట ఒకటి ఉంది. అక్కడ గొంతు పి. సుశీలది. తెరమీద మాత్రం అదే సావిత్రి.

అంటే శరీరం ఒకటే అయినా లోపలి వ్యక్తి మారినప్పుడు గొంతు మారింది. ఈ పంపకం వెనుక ఉన్న ఉద్దేశం ఏదైనా కావచ్చు. ఆ పాట నడకకు సుశీల గొంతులోని చురుకు సరిపోవడమే కారణం కావచ్చు. ఫలితం మాత్రం చిత్రంలో ఉంది, అది వినిపిస్తూనే ఉంటుంది. చెలికత్తెలకు రూపమే తెలుసు కనుక వారు మోసపోతారు. ప్రేక్షకునికి కథ తెలుసు కనుక మోసపోడు. అతని చెవికి కూడా సాక్ష్యం అందుతున్నది. శశిరేఖ ఇదివరకు ఇలా పాడలేదు. (పాలక్కాడు ప్రాంతపు మలయాళ గాయని లీల గొంతు అసలు ద్వారకాకన్యది కావడం, విజయనగరపు సుశీల గొంతు అడవిలోని రాక్షసునిది కావడం ఒక యాదృచ్ఛిక వినోదం.)

అంతటితో ఆగలేదు. పాట మధ్యలో ఆడగొంతును చీల్చుకుని మగగొంతు బయటపడుతుంది. అది ఘంటసాలది. మాయ ఒక్క క్షణం జారి, వెంటనే సర్దుకుంటుంది. ఆ క్షణంలో సావిత్రి నడక, భుజాల విరుపు, చూపు రంగారావువి అవుతాయి. మళ్లీ సిగ్గు, మళ్లీ కొంగు. నృత్య దర్శకుడు పసుమర్తి కృష్ణమూర్తి సమకూర్చిన ఈ ఆట గురించి నటన పరంగా ఎంతో రాశారు. అయితే నాటకరంగ చరిత్రలో దీని చోటు వేరే ఉంది. సత్యభామ పాత్రలో పురుషుని చూసి, ఆ పురుషుని మరచిపోవడం పాత ప్రేక్షకుని పని. ఇక్కడ ప్రేక్షకుడు స్త్రీని చూస్తూ, ఆమె లోపల పురుషుడున్నాడని గుర్తుపెట్టుకోవాలి. పాత రంగస్థలంలో దాచవలసినది ఇక్కడ చూపవలసినది అయింది. స్త్రీపాత్రధారణ తెలుగు నాటకం నుంచి తొలగిపోతున్న కాలంలో, ఆ సంప్రదాయం ఎరిగిన ఒక నాటకకర్త దాన్ని తిరగవేసి ఒక స్త్రీకి అప్పగించాడు. సావిత్రి ధరించినది పురుషపాత్ర. వేషం మాత్రం స్త్రీది.

ఒక ప్రశ్న మిగులుతుంది. జారిపడిన మగగొంతు ఘటోత్కచునిదైనప్పుడు అది ఘటోత్కచుని గాయకుడైన మాధవపెద్ది సత్యానిది కావాలి గదా? పాత్రోచితం పాటించి ఉంటే అలాగే జరిగేది. ఇక్కడ చిత్రం తన నియమాన్ని తానే తప్పింది. అభిమన్యుని గొంతే ఘటోత్కచునికీ పోవడం వల్ల, శశిరేఖ లోపలినుంచి ఆమె ప్రియుడే పలికాడా అన్న భ్రమ చెవికి కలుగుతుంది. దాన్ని గుణంగా సమర్థించడం కష్టం.

ఘటోత్కచుని భోజనం

పెళ్లివారి కోసం సిద్ధమైన వంటకాలను ఘటోత్కచుడు ఒక్కడే తినే పాటకు ముందు చరిత్ర ఉంది. దాని ఎత్తుగడ సినిమా కంటె ముందే శశిరేఖాపరిణయ నాటకాల్లోను, గ్రామఫోను రికార్డుల్లోను ప్రచారంలో ఉన్నది. పింగళి దాన్ని తీసుకుని విస్తరించారు. పాటల సంకలనాల్లో కవి పేరొక్కటే అచ్చవుతుంది గనుక, దాని వెనుకనున్న రంగస్థల రచయితలు, హార్మోనియం వాయించినవారు కనిపించకుండా పోయారు. పింగళి ప్రతిభకు దీనివల్ల లోటేమీ లేదు. నాటకం నుంచి తీసుకోవడం నాటకకర్తకు దొంగతనం కాదు, వారసత్వం. కాని వారసత్వానికి పూర్వీకులుండాలి. ఈ పాటను కేవలం సినీకవి సృష్టిగా తరగతిగదిలో చెప్పడం చరిత్రకు న్యాయం కాదు.

ఈ పాటలోను, ఘటోత్కచుని పద్యాల్లోను గొంతు మాధవపెద్ది సత్యానిది. నాటకపద్యం పాడి పెరిగిన గొంతు అది. ఆ పాటలో పదాలెన్నో నవ్వులూ అన్ని. నవ్వు తాళంలో పడాలి, రంగారావు నవ్వుగా నమ్మకం కలిగించాలి. నటుని మాటకూ గాయకుని పాటకూ మధ్య అతుకు కనిపించే చోటు సాధారణంగా అదే. పాట ముగిసి మాట మొదలయ్యేటప్పుడు వినేవాడు ఉలిక్కిపడతాడు. ఇక్కడ ఆ అతుకు లేదు. నవ్వుతో మాటలోంచి పాటలోకి, నవ్వుతోనే పాటలోంచి మాటలోకి దిగిపోతాడు ఘటోత్కచుడు.

పాటలోని వస్తువు తెలుగింటి పెళ్లివిందు. రాక్షసుడు తినవలసినవి మనుషులనో మృగాలనో కాదు, పిండివంటలను. అతని రాక్షసత్వమంతా పరిమాణంలోనే ఉంది, రుచిలో లేదు. అతడు తినేది మన విస్తరి, మాట్లాడేది మన భాష. అందువల్ల అతడు మనవాడు. ఇదే చిత్రం తమిళ రూపం అదే ఏడు ఏప్రిల్ 12న విడుదలైంది. అందులో అభిమన్యునిగా జెమినీ గణేశన్ వచ్చారు. పడవపాటకు అక్కడా ఘంటసాల, లీలల గొంతులే. రంగారావు మాత్రం రెండింటా ఘటోత్కచుడే, కాని తమిళ భోజనగీతం పాడినవారు తిరుచ్చి లోకనాథన్. నటుడు మారిన చోట గొంతు మారలేదు, నటుడు మారని చోట మారింది. ప్రేమ ఏ యాసలో పలికినా చెల్లింది. వంటకాల పేర్లు పలకడానికి ఆ నేలమీది నాలుక కావలసి వచ్చింది.

అయిదు రూపాల గాయకుడు

ఇదే రచయిత, ఇదే దర్శకుడు 1961లో ‘జగదేకవీరుని కథ’ తెచ్చారు. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో, దర్బారీ కానడ రాగంలో ఘంటసాల పాడిన ‘శివశంకరీ’ గీతంలో నాయకుడు ఒక్కడే పలు రూపాలై పాడతాడు, వాద్యాలూ వాయిస్తాడు. ఈ కల్పన 1944 నాటి తమిళ చిత్రం ‘జగదలప్రతాపన్’లోనే ఉంది. అక్కడ పి.యు. చిన్నప్ప అయిదు రూపాలు ధరించి తానే పాడారు. చిన్నప్ప గాయకనటుడు కనుక ఆ దృశ్యం ఆయన విద్యకు ప్రదర్శన. పదిహేడేళ్ల తరువాత ఎన్.టి. రామారావు ఆ దృశ్యంలో కనిపించినప్పుడు రూపాలన్నీ నటునివి, విద్య అంతా గాయకునిది. తెరమీద నాయకుడు ఎన్ని రూపాలెత్తినా, వాటన్నిటినీ కలిపి ఒక్కటిగా నిలిపినది తెరమీద లేని మనిషి.

రికార్డు చేరిన పల్లె

ఈ పాటలు విన్నవారందరూ చూసినవారు కారు. తరువాతి కాలంలో పశ్చిమ ప్రకాశం అనిపించుకున్న ప్రాంతం 1957లో ఒకే జిల్లాలో లేదు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. వెలిగండ్ల కనిగిరి తాలూకాలో భాగంగా నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినది 1970లో. వెలిగొండల చుట్టుపక్కల మెట్టపల్లెకు సినిమాహాలు దూరం. పాటకు ఆ దూరం లేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948లోనే మొదలైంది. గ్రామఫోను, దాని వెనుకనే మైకుసెట్టు, పెళ్లికీ తిరునాళ్లకూ పల్లెదాకా వచ్చాయి.

అలా విన్న శ్రోతకు పడవపాటలో మూడు జంటలు లేవు. ఒక మగ, ఒక ఆడ మాత్రమే ఉన్నారు. కృష్ణుని చాతుర్యం, బలరాముని అమాయకత్వం రికార్డులో లేవు. మాయాశశిరేఖ పాటలో మగగొంతు హఠాత్తుగా ఎందుకొచ్చిందో సినిమా చూడని శ్రోతకు తెలిసే వీలు లేదు. తెరమీద పాత్రకు కట్టుబడిన పాట, రికార్డుమీద పాత్రను విడిచి ఒంటరిగా బయలుదేరింది. పాటను పాత్రనుంచి విడదీసి కాగితంమీద చదివే పరిశోధకుడు ఒకరకంగా ఈ శ్రోత పక్కనే కూర్చున్నాడు. శ్రోతకు మరో దారి లేదు, పరిశోధకునికి ఉంది.

విడిపోయిన పాటలకు పల్లె కొత్త చోటు చూపింది. భోజనగీతం పెళ్లిపందిట్లో విస్తళ్ల వేళకు చేరింది. పెళ్లికూతురిని ముస్తాబు చేసే వేళ మాయాశశిరేఖ పాట మోగింది. తెరమీద ఆ రెండూ ఒక పెళ్లిని చెడగొట్టడానికి వచ్చినవాడు పాడినవి. ఒకదానిలో అతడు మగపెళ్లివారి విందు మింగేస్తున్నాడు, మరొకదానిలో వధువు వేషంలో వరుని ఎగతాళి చేస్తున్నాడు. ఆ సంగతి పందిట్లో ఎవరికీ అడ్డు రాలేదు. పాడినది ఘటోత్కచుడని తెలిసినవారు కూడా, మైకులో ఆ నవ్వు మొదలవగానే వడ్డనకు లేచారు.